తమ్ముడి ఎర్ర సిరా పేజీలు

తమ్ముడు ఉన్నప్పుడు మా ఇంట్లో పొద్దున ఇలా ఉండేది. నేను పూజ ముగించి వచ్చేసరికి నలుగురైదుగురు రైతులు మిరప పూలు పట్టుకుని వరండాలో కూర్చునేవారు. వాడు తెల్లకాగితం మీద పువ్వును విదిలించి, రాలిన తామర పురుగులను చూసి, మందు కొట్టాలో వద్దో చెప్పేవాడు. చెప్పింది నోటుబుక్కులో రాసుకునేవాడు. తన మాట తప్పయిన రోజు మాత్రం ఎర్ర సిరాతో రాసేవాడు.

వాడు పోయి ఆరు నెలలు. ఈ రోజు పరిశోధన కేంద్రం నుంచి ఒక మేడం వచ్చారు, వెంట మా ఊరి రైతు కోటయ్య. రైతులు, శాస్త్రవేత్తలు, పురుగుమందుల కొట్లవాళ్లు నెలనెలా కూర్చుని ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకునే సంఘం పెడుతున్నారట. తమ్ముడి పుస్తకం అడిగారు, ముఖ్యంగా ఆ ఎర్ర పేజీలు. ఆ తప్పులు అందరి ముందూ చదివితే ఇంకొకరు మళ్లీ చేయరట.

మరదలు సుజాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని, “ఆయన తప్పులు నలుగురిలో చదువుతారా వదినా?” అంది.

“అందులో మొదటి తోట నాదేనమ్మా,” అన్నాడు కోటయ్య. “మందు కొట్టకుండా వారం ఆగమన్నాడు, తోట పోయింది. తనే ఇంటికొచ్చి ‘తప్పు నాదే బాబాయ్’ అన్నాడు. మందులమ్మేవాడు ఎవడన్నా అన్నాడా ఆ మాట?”

ఆ సంగతి వాడు నాకు కూడా చెప్పలేదు. ఒక్కడే మోసుకు తిరిగాడు.

పోయినవాళ్ల మంచి మాత్రమే చెప్పుకోవడం మనకు అలవాటు. మీరైతే ఇచ్చేవారా?

సాయంత్రం దీపం పెట్టాక అమ్మ, సుజాత, నేను కూర్చుని అనుకున్నాం. ఒక్క పేజీ కూడా చింపకుండా పుస్తకం ఇస్తాం. మొదటి సమావేశంలో ఎర్ర పేజీలు తనే చదువుతానంది సుజాత.