లెక్కల మాస్టారి సొంత గంట

ఆ సోమవారం లెక్కల మాస్టారు పదో తరగతిలో త్రికోణమితి మొదలుపెట్టారు. లంబకోణ త్రిభుజం గీసి, కర్ణం ఏదో చూపించి, ఇద్దరిచేత లెక్క చేయించి, వెనక బెంచీలో నవ్వినవాణ్ణి లేపి నిలబెట్టేదాకా తలమీది సైకిల్ హెల్మెట్ తీయలేదు. ఎవరూ చెప్పలేదు. మాస్టారు ఏం చేసినా దానికో కారణం ఉంటుందని ముందు వరుసవాళ్ళ నమ్మకం. కారణం లేకపోతే ఇంకా బాగుంటుందని వెనక వరుసవాళ్ళ ఆశ. రౌండ్లకు వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో ఆగి, పైకప్పు వైపు ఒకసారి చూసి, “ఏం మాస్టారూ, పెచ్చులూడుతున్నాయా?” అని అడిగారు.

“లేదు మేడమ్, బాగానే ఉంది,” అన్నారు మాస్టారు వినయంగా. గడ్డం గోక్కోబోయి చేతికి హెల్మెట్ పట్టీ తగిలాక గానీ ఆవిడ అడిగిందేమిటో ఆయనకు తలకెక్కలేదు.

మాస్టారికి మతిమరుపేమీ లేదు, తీరికే లేదు. కిందటేడు పదో తరగతి ఫలితాలు పడిపోయినప్పటి నుంచి బడికి ముందో అదనపు క్లాసు, బడి వదిలాక మరో అదనపు క్లాసు, ఇంటికెళ్తే బల్లమీద పేపర్ల కట్ట. మధ్యమధ్య తల్లిదండ్రుల ఫోన్లు. “మావాడికి లెక్కలంటే భయమండీ” అని వాళ్ళంటే, “నాకూ అంతేనండీ” అనాలని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేవారు. అలా మింగిందంతా చివరికి రక్తపోటుగా తేలింది. డాక్టరు బీపీ చూసి చేతి పట్టీ విప్పుతూ, “మీకేదైనా సరదా ఉందా?” అని అడిగితే, మాస్టారు బాగా ఆలోచించి, “కాలేజీలో ఉండగా ఉండేదండీ,” అన్నారు.

ఆ సరదానే వెతికి పట్టుకున్నారు. మెట్ల కింద తుప్పుపట్టిన సైకిల్‌కి కొత్త చైను వేయించారు. లైబ్రరీలో సభ్యత్వం తీసుకున్నారు. ఇంట్లోవాళ్ళు లేవకముందే బైపాస్ వచ్చాక బోసిపోయిన పాత రోడ్డెక్కి, బస్సులు ఆగడం మానేసిన ఓ పాత షెల్టర్ దగ్గర సైకిల్ ఆనించి, సిమెంటు బల్లమీద కూర్చుని నవల చదువుకుని వచ్చేవారు. ఆ ఒక్క గంటా ఆయన ఎవరికీ మాస్టారు కారు. ఆ గంటను తలుచుకునే మిగతా రోజును ఈడ్చుకొచ్చేవారు.

“మీ ఆయన పొద్దున్నే ఎక్కడికెళ్తాడని పక్కింటావిడ అడిగింది,” అని చెప్పింది ఆయన భార్య ఒకరోజు. ఆవిడ మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది, ఊళ్ళోవాళ్ళ నిజాలన్నీ చీటీలమీదే చూస్తుంది. “సైకిలేసుకెళ్ళి పుస్తకం చదివొస్తాడన్నాను. నమ్మితేగా! పాపం అన్నట్టు నా భుజం నొక్కి వెళ్ళింది.”

హెల్మెట్ పుణ్యమా అని ఆ గంట సంగతి బడిలో బయటపడింది. హెడ్‌మిస్ట్రెస్ ముఖం వెలిగిపోయింది.

“ఇన్నాళ్ళూ చెప్పరేం మాస్టారూ! హాబీ క్లబ్బు పెట్టండని పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. సైకిలూ, పుస్తకమూ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. మీరే ఇన్‌చార్జి. మీకూ కాస్త రిలీఫ్‌గా ఉంటుంది.”

“అలాగే మేడమ్,” అన్నారు మాస్టారు.

“ఆ ముక్క తప్ప మీ నోట్లో ఇంకోటి పుట్టదా?” అంది భార్య రాత్రి అన్నాల దగ్గర. “నేనేదైనా అడిగితే మాత్రం ‘చూద్దాం’ అంటారు.”

“చూద్దాంలే,” అన్నారు మాస్టారు.

మిగతా వేళలన్నీ అదనపు క్లాసులు మింగేశాయి కాబట్టి క్లబ్బుకు దొరికింది ఆ తెల్లవారుజామే. లారీల భయం లేని దారి అదొక్కటే కాబట్టి వెళ్ళింది ఆ షెల్టర్‌కే. మాస్టారు నోట్లో విజిల్ పెట్టుకుని ముందు, పిల్లలు బారుగా వెనక. ఒకడి చైను ఊడేది, ఒకడికి ఆకలేసేది, ఒకడు ఏ కారణమూ లేకుండా కాలవలోకి దిగేవాడు. షెల్టర్ చేరాక తలా ఓ పేజీ చదవాలి, దానిమీద ప్రశ్నలకు జవాబులు చెప్పాలి, నవ్వుతున్నట్టు ఫొటో దిగాలి. పిల్లలు నిజంగానే నవ్వేవారు. మాస్టారొక్కరే ప్రతి ఫొటోలోనూ ఎవరినో లెక్కపెడుతూ కనపడేవారు.

బీపీ మాత్ర అర నుంచి ఒకటైంది. దాన్ని చేతిలో పెడుతూ భార్య ఈసారి హాస్యమాడలేదు. “వెళ్ళి చెప్పండి. మీవల్ల కాదని చెప్పండి. ఆ గంట కూడా ఇచ్చేస్తే మీకిక ఏం మిగులుతుంది?”

మాస్టారు దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళారు. “మేడమ్, క్లబ్బు… నావల్ల కావట్లేదు. పొద్దున ఆ గంట నాకు కావాలి,” అని అనేశారు కూడా. అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

“ఎవరికివ్వను మాస్టారూ, మీరే చెప్పండి. సైన్సు టీచరు ప్రసూతి సెలవులో ఉంది. డ్రిల్లు మాస్టారు మూడు బళ్ళకి ఒక్కడు.” ఆవిడ కళ్ళద్దాలు తీసి, బీరువా మీదికి చెయ్యి చూపించారు. దానిమీద బ్యాడ్మింటన్ రాకెట్ ఒకటి ఉంది, నడుమ తీగలు తెగి. “కాలేజీ టీముకి ఆడేదాన్ని. ఇప్పుడు దాంతో బల్లుల్ని తోలుతున్నా.”

ఇద్దరూ కాసేపు ఆ రాకెట్‌కేసి చూశారు. ఫోను మోగింది. ఎత్తబోతూ ఆవిడ మాస్టారి ముఖంలోకి చూశారు.

“అలాగే మేడమ్,” అన్నారు మాస్టారు.

ఇక మిగిలింది ఆదివారం. ఆ రోజు క్లబ్బు లేదు. విజిల్ ఇంట్లో వదిలేసి ఒక్కరే బయల్దేరారు. గాలి చల్లగా ఉంది, చైను చప్పుడు చేయలేదు. షెల్టర్‌లో పిల్లలు పారేసిన బిస్కెట్ కాగితాలు ఏరి అవతల పడేసి, బల్లమీద కూర్చుని లైబ్రరీ నవల తెరిచారు. చాలా రోజులకు అంత హాయిగా పేజీలు తిరిగాయి. ఎక్కడా ఆగలేదు. ఎండ కాళ్ళమీదికి వచ్చేసరికి పుస్తకం అయిపోయింది. మూయబోతే చేతిలో ఏదో అడ్డం పడింది. చూస్తే, ఎర్ర పెన్ను.

మాస్టారు మెల్లగా మొదటికి తిప్పారు. ప్రతి పేజీకీ అడుగున టిక్కు ఉంది. హీరో తన అన్నను అనుమానించిన చోట మార్జిన్‌లో ‘దత్తాంశం చాలదు’ అని ఉంది. ఇల్లాలు ఏడ్చి ఏడ్చి, చివరికి భర్తను క్షమించిన చోట, ‘జవాబు సరే, సోపానాలేవి?’ అని ఉంది. చివరి పేజీలో గుండ్రంగా చుట్టి, పదికి ఆరు. తను ఎక్కడ పెన్ను తీశారో ఆయనకు గుర్తు లేదు. ఆ ఇల్లాలు ఎందుకు ఏడ్చిందో అసలే గుర్తు లేదు.

పెన్ను ఇంట్లో పెట్టి వస్తే సరిపోతుందా అని ఆలోచించారు. తనను ఎక్కడ పెట్టి రావాలో తోచలేదు. సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చారు.

సోమవారం సాయంత్రం అదనపు క్లాసు అయ్యాక పుస్తకం తిరిగివ్వడానికి వెళ్తే, లైబ్రరీలో పెద్దావిడ అట్ట తిప్పి, లోపల చూసి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది.

“ఇదేం చోద్యం మాస్టారూ! అచ్చేసిన పుస్తకాన్ని ఇలా ఎర్రగా పీకి పాకం పెట్టారే! పరీక్ష పేపరనుకున్నారా? ఇళ్ళకి తీసుకెళ్ళమని ఇచ్చేది ఇందుకా?”

మాస్టారు తల వంచుకుని అన్నారు: “చదువుదామనే తీసుకెళ్ళానమ్మా.”