బర్రె లేనిదే పలకని మాట

గౌలిపురలో మాకు పాలు పోసే తాత పొదుగు దగ్గర కూర్చునే ముందు బర్రె చెవిలో ఒక మాట గొణిగేవాడు. అంతే, అది పాలు చేపేది. స్పెయిన్ దేశపు అస్టూరియన్ భాషలో పశువుల కాపరుల మాట ఒకటి ఎక్కడ పుట్టిందో చదివిన రోజు, తాత మాటకూ మూలం వెతకాలనిపించింది. నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను.

"ఊకెనే అనొద్దు బిడ్డా. బర్రె ముంగట లేకుంట ఆ మాట తీస్తే, రేపు అది ఎగజేపుతది, పాలియ్యదు. పొద్దుగాల పాలు పిండేటప్పుడు రా, వినిపిస్త," అన్నాడు. వాళ్ల తాత ఆయనకూ అట్లాగే నేర్పాడట.

తెల్లవారుజామున లేవడానికి నాకు బద్ధకం. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ రెండేళ్లు గడిపేశాను.

చివరికి వెళ్లేసరికి కొట్టంలో బైకులున్నాయి. తాత మంచం పట్టాడు.

"ఇప్పుడన్నా చెప్పు తాతా," అని బతిమాలాను.

"బర్రెలన్నీ పోరగాండ్లు అమ్మేసిండ్రు. ఇగ ఎవరికి చెప్పాలె బిడ్డా?"

అటు తిరిగి పడుకున్నాడు. వేళ్లు మాత్రం దుప్పటి అంచును పితుకుతూనే ఉన్నాయి.

పోయిన నెల ఆ వేళ్లూ ఆగాయి. నోట్‌బుక్‌లో ఆ పేజీ అలాగే ఉంది. ఎందుకు అంటారో రాశాను, ఎవరి మాటో రాశాను. మాట రాయాల్సిన చోట ఏమీ లేదు.