మేనత్త కొంగున ఉండవలసిన తాళంచెవి

నా చిన్నప్పుడు మా మేనత్త కొంగుముడిలో ఒక చిన్న తాళంచెవి ఉండేది. అది ఆమె రేకుపెట్టెది. పెట్టెలో రెండు చీరలు, ఒక దువ్వెన, పట్నం దవాఖానలో ఇచ్చిన గోలీల సీసా ఉండేవి. నాకు ఊహ తెలియకముందే ఆమెకు మనసు చెడిందట. అత్తగారివాళ్ళు తెచ్చి మా వాకిట్లో దింపిపోతే, మా బాపు పట్నం తీసుకుపోయి వైద్యం చేయించాడట. నేనెరిగిన మేనత్త మాత్రం నెమ్మదైన మనిషి. రోజూ పొద్దుగూకే వేళ అన్నం తిన్నాక తనే పెట్టె తెరిచి, గోలీ వేసుకుని, తాళంచెవిని మళ్ళీ కొంగున ముడివేసుకునేది. ఆ గోలీలకు ఆమె నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, కాసేపు ఎండలో నిలబడితే ఒళ్ళు కందిపోయేది. అయినా ఒక్కరోజు మానలేదు.

ఆమె తన గోలీలు తనే పారేసిందని, అందుకే మళ్ళీ మతి చెడిందని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి అవతలికి పోయేవాణ్ణి. ఇక పోను. జరిగింది ఇది.

నాకు పదేళ్ళు. మాది రామన్నపేట దగ్గర పల్లె. ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనత్త నడుముకు ఎడమవైపు మంట మొదలైంది. రెండు రోజులకు నీటిపొక్కులు వరుసగా లేచాయి. చూసినవాళ్ళంతా సర్పి అన్నారు. సర్పి పాములాగా నడుము చుట్టూ పాకుతుందని, దాని తల, తోక కలిస్తే మనిషి దక్కదని మా దిక్కు నమ్మకం. బాపు ఆమెను బస్సులో నల్లగొండ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు పూతమందు ఇచ్చి, పట్నం గోలీలు మాత్రం ఆపొద్దని రెండుసార్లు చెప్పి పంపాడు.

మా అమ్మకు పూతమందు ఒక్కటే చాలదనిపించి కుమ్మరి అవ్వను కూడా పిలిచింది. కుండలకు పూసే జాజును, అంటే ఎర్రమన్నును, నీళ్ళలో కలిపి పొక్కుల చుట్టూ గీత గీస్తే పాము ఆ గీత దాటదంటారు. అవ్వ శ్రద్ధగా గీసి, పథ్యం చెప్పింది.

"వేడి చేసేది ఏదీ లోపటికి పోవద్దు. కోడికూర బంద్, వంకాయ బంద్, బెల్లం బంద్. వేడి తగిలిందంటే పాము గీత దాటుతది."

నేను వాకిలి దాకా ఆమె వెంట పోయి, పట్నం గోలీలు వేసుకోవచ్చా అని అడిగాను.

"గోలీలన్నీ వేడేనాయె బిడ్డా" అని, జాజు చిప్ప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరడిగినా అనే మాటే అన్నది. ఆమె తప్పేమీ లేదు.

మేనత్త నడుముకు చీర తగిలితే ఓర్చుకోలేకపోయేది. తడిగుడ్డ కప్పుకుని కుడిపక్కకే పడుకుని ఉండేది. లేవలేకపోయేది కాబట్టి తాళంచెవి మొదటిసారి నా చేతికి వచ్చింది. రోజూ గోలీ ఇచ్చి తనకు చెప్పమన్నాడు బాపు.

"జర నువ్వే తీసియ్యి అల్లుడా" అన్నది మేనత్త.

గోలీ తీశాను. చేతిలో పెట్టుకుని ఆమె వీపు వైపు చూశాను. పొక్కులు అప్పటికే వెన్నెముక దగ్గరికి వచ్చాయి. "అత్తా, బాపు బంద్ చెయ్యమన్నడు, సర్పి తగ్గేదాక" అన్నాను.

"డాక్టరు ఆపద్దన్నడు గదరా?"

"మల్ల బాపే వద్దన్నడు."

ఆమె నా ముఖం కేసి చాలాసేపు చూసింది. తనను వాకిట్లోంచి లోపలికి తెచ్చుకున్న అన్న మాట అది. ఇంకేం అడగలేదు. నేను కొట్టంలో ఉన్న బాపు దగ్గరికి పోయి "ఇచ్చిన బాపూ" అన్నాను. అట్లా ఇరవై రోజులు. గోలీలను జొన్నల గుమ్మి వెనక పాత గురిగిలో, చిన్న మట్టిముంతలో, వేసేవాణ్ణి. పొద్దున్నే పొక్కుల చివరికీ వెన్నెముకకూ మధ్య ఎన్ని వేళ్ళ ఎడం ఉందో కొలిచేవాణ్ణి. పొక్కులు ఎండి రాలిపోయినప్పుడు, మేనత్తను నేనే బతికించానని లోలోపల పొంగిపోయాను.

అప్పటికే ఆమెకు నిద్ర కరువైంది. గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. మేం సర్పి నొప్పి అనుకున్నాం. ఒకరోజు మిట్టమధ్యాహ్నం తలమీద గుడ్డ లేకుండా బండలబాట పట్టి పోతుంటే గొర్రెలకాపరులు పట్టుకుని తెచ్చారు. మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు.

"గోలీలు తింటాందా లేదా?" అని బాపు అరిచాడు. అమ్మ ఇల్లంతా వెతికింది. గుమ్మి వెనక గురిగి బోర్లాపడి గోలీలు వాకిట్లోకి దొర్లాయి. బాపు వాటిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. చేయి చర్నాకోల మీదికి పోయింది.

అప్పుడు మేనత్త, పొద్దుటి నుంచి ఎవరినీ ఎరగని మనిషి, నిమ్మళంగా అన్నది.

"నేనే పారేసిన అన్నా. శేదుగున్నయి. పోరన్ని ఏమనకు."

బాపు చర్నాకోల దించాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత నేను ఎక్కువగా సిగ్గుపడేది గోలీలు దాచినందుకు కాదు, ఆ క్షణాన హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు.

ఆమెను మళ్ళీ పట్నం తీసుకుపోయారు. నాలుగు నెలలకు తిరిగి వచ్చేసరికి తాళంచెవి బాపు మొలతాడుకు చేరింది. ఇక రోజూ బాపు గోలీ ఇచ్చేవాడు. ఆమె మింగిందో లేదో చూసే పని నాది. మేనత్త నా ముందు కూర్చుని, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేది. "మింగింది బాపూ" అని నేను కేకవేసేవాణ్ణి. నలభై దాటిన మనిషి పదేళ్ళ పిల్లవాడికి నోరు తెరిచి చూపించింది, ఏళ్ళ తరబడి. తన మందు తనే పారేసిన మనిషని వాడలో ఆడవాళ్ళు ఆమె చేతికి పసిపిల్లలనిచ్చేవాళ్ళు కాదు.

పై చదువుకు నల్లగొండ వెళ్ళే ముందు ఒకసారి ధైర్యం చేసి "అత్తా, ఆ గోలీలు..." అని మొదలుపెట్టాను.

"నీకు పాము భయమాయె. నాకు తెల్వదా?" అన్నది చింతపండు గింజలు తీస్తూ. "సర్పి కంటె నువ్వే ఎక్కువ సతాయిస్తున్నవు. పో, బస్సు పోతది."

ఆ మాటతో నేను తేలికపడ్డాను. బాపుకు మాత్రం చెప్పలేదు. ఆయన ఆ నమ్మకంతోనే పోయాడు. రెండేళ్ళకు మేనత్త కూడా పోయింది.

పోయిన నెల నా నడుముకు సర్పి వచ్చింది. ఇంకేమైనా గోలీలు వాడుతున్నారా అని డాక్టరు అడిగాడు. కొన్నేళ్ళుగా నేనూ మనసు కుదురుకు గోలీలు వాడుతున్నాను, పేర్లు చెప్పాను. అవి ఆపకండి, ఇవీ వేసుకోండి అన్నాడు. అంతే మాట. మంటకు పక్క మార్చలేక పడుకుని, ఆ ఇరవై రోజులు ఆమె ఒంట్లో ఈ మంటతో పాటు ఇంకేం నడిచిందో ఇప్పుడు తెలుసుకుంటున్నాను.

నా గోలీల డబ్బా నా దిండు పక్కనే ఉంటుంది. ఎవరూ నా నాలుక చూడరు. బాపు మొలతాడు నుంచి తీసిన ఆ తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. అది మేనత్త కొంగున ఉండవలసింది.