హేక్ చేపల మావ

మా కింది వాటాలో ఉండే మావ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను లత అనే పేటలో ఉన్న మా కొట్టుకి బయల్దేరుతూ "మావా, ఎల్లొస్తాను" అంటే పలకలేదు. మీలో ఎవరికీ ఆయన తెలిసుండడు. అయినా మీకే చెప్పుకుంటున్నాను. మొదట తెలియాల్సిన ఆయన కూతురికి చెప్పే దారి లేదు, ఆమె జైల్లో ఉంది.

ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వచ్చి ఈ బోటాటౌంగ్ రేవులో మూటలు మోశారు. మావ ఓడెక్కాడు. ఆఫ్రికా కొసన, చలి సముద్రంలో హేక్ అనే చేపని పట్టే పెద్ద వల ఓడ మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆ చేప మన వైపు దొరకదు. పెద్ద నోరు, నోటి నిండా సూదుల్లాంటి పళ్ళు. దాని గురించి ఆయన అత్తారింటివాళ్ళ గురించి చెప్పినట్టు, సగం ముద్దుగా సగం కోపంగా చెప్పేవాడు.

మొదటిసారి వంట వంతు వచ్చినప్పుడు మన పద్ధతిలో చింతపండు పులుసు పెట్టాడట. కోనెం చేప ముక్కలా గట్టిగా నిలబడుతుందనుకుని గరిటెతో తిప్పాడు. హేక్ కండ మహా మెత్తన. మూత తీసేసరికి పులుసుంది, ముళ్ళున్నాయి, చేప లేదు.

"ఓడోళ్ళందరూ నా మొకం సూసినారు. నాను కుండలోకి సూసినాను," అనేవాడు. ఎన్నిసార్లు విన్నా నవ్వొచ్చేది.

హేక్ పగలు సముద్రం అడుగున ఉంటుంది, చీకటి పడితే మేతకి పైకి లేస్తుంది. అందుకే అడుగు వల పగలే లాగాలి. "పొద్దోయినాక దింపితే బురదే వస్తాది" అనేవాడు. చేపల్ని పరిశీలించడానికి ఓడెక్కిన ఒకావిడకి సాయంగా ఆయన చేపల కడుపులు కోసేవాడు. పెద్ద హేక్ కడుపులో తరచు చిన్న హేక్‌లే కనిపించేవి. సెలవుకి వచ్చి ఈ సంగతి చెబితే, చిన్నపిల్లగా ఉన్న కూతురు అన్నం ముందు కూర్చుని అడిగింది.

"అమ్మే తినీస్తాదా నాన్నా?"

"దానికేటి తెలుస్తాది అమ్మా, తన పిల్లో పరాయి పిల్లో! అందుకే పిల్లలు లోతు తక్కువ కాడుంటాయి. పెద్దవి లోతుకెల్లిపోతాయి. ఎడంగుంటేనే బతుకుతాయి."

ఆ పిల్ల ఆ ప్రశ్న వదల్లేదు, పెద్దయ్యాక జంతుశాస్త్రం చదివింది. ట్వంటే కాలువలో చేపపిల్లలు ఎప్పుడు కనిపిస్తాయో చూడడానికి తండ్రిని పడవల్లో తిప్పేది. మావ అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత సైన్యం గద్దెనెక్కింది, ఊరు రోడ్డెక్కింది, ఆమె కూడా వెళ్ళింది. ఇంటర్నెట్ పోయింది, విమానాలు ఆగి, సెలవుకొచ్చిన మావ ఇక్కడే ఉండిపోయాడు. ఒక మధ్యాహ్నం మా వీధి మలుపులోనే ఆమెని వ్యాన్ ఎక్కించారు. దారులు తెరిచాక ఓడ కంపెనీ పిలిచినా మావ కదల్లేదు.

"నానెల్లిపోతే జైలు గేటుకాడికెవులెల్తారు?" అన్నాడు.

ఆమెని చూడనివ్వరు. అన్నం డబ్బా మాత్రం లోపలికి పంపుతారు, ఖాళీది వెనక్కిస్తారు. వారం వారం ఆయన బతుకు అదే. ఒకరోజు డబ్బా మూత బిగిస్తూ అన్నాడు: "సముద్రంలో పిల్లలు దాక్కోడానికి లోతు తక్కువ సోటన్నా ఉంది. ఈ ఊర్లో మన పిల్లలకేటుంది?"

ఆయన పోయిన రోజు, కూతుర్ని చివరి చూపుకి పంపమని గేటు దగ్గర అర్జీ ఇవ్వబోతే తీసుకోలేదు, కబురూ చెప్పనివ్వలేదు. ఆయన చుట్టూ పేర్చిన మంచుగడ్డలు కరిగేదాకా చూశాం. ఇక ఆగలేక చితికి నేనే నిప్పు పెట్టాను. ఆమె బయటికి వస్తుందన్న ఆశ నాకు లేదు. ఉందని మీతో అబద్ధం చెప్పలేను.

ఈ వారం డబ్బా నేను పట్టుకెళ్ళాను. తిరిగొచ్చిన ఖాళీ డబ్బాతో ఒక నీలం ఊలు టోపీ ఇచ్చారు. లోపల ఆమె అల్లినదట. "వాళ్ళ నాన్నకి ఇమ్మంది. ఓడ దిగినా ఆయనకి చలి పోలేదట," అన్నాడు కాపలావాడు బర్మా భాషలో.

బస్సులో దాన్ని ఒళ్ళో పరిచి చూశాను. చెవులు రెండూ మూసుకునేలా, కొంచెం పొడుగ్గా అల్లింది.