తూక్కుగుండు నిలిచేదాకా

ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నేను. పోయిన ఏడాది మిషన్ల మధ్యనే రెండుసార్లు ఊపిరాడక కూలబడ్డాను. గుండె బాగానే ఉంది, మనసే బాగాలేదన్నాడు వేలూరు డాక్టరు. మూడోసారి పడితే ఇంటికి పంపించేస్తామని మేనేజరు ఎంతో మర్యాదగా చెప్పాడు. అందుకని ఊపిరి పీల్చడం నేర్చుకోవడానికి సత్తువాచారిలో ధ్యానం క్లాసులో చేరాను. నలభై ఆరేళ్లుగా పీలుస్తున్నది లెక్కలోకి రాదట.

క్లాసు మూడో అంతస్తులో. శ్వాసను ప్రకృతితో కలపాలి కనుక కిటికీలన్నీ మూసి ఏసీ వేశారు. కింద ప్లాస్టిక్ పచ్చిక. స్పీకర్లో వాగు పారేది, పిట్టలు కూసేవి. "మీ పాదాల నుంచి వేర్లు భూమిలోకి దిగుతున్నాయనుకోండి" అన్నది టీచరమ్మ. మా కింది అంతస్తులో పళ్ల డాక్టరు ఉన్నాడు. నా వేర్లు ఆయన కుర్చీ దాకా దిగి ఆగిపోయాయి. నెల గడిచినా ఛాతీ బిగింపు మాత్రం తగ్గలేదు.

ఆ ఆదివారం గుడియాత్తం వెళ్లాను. మా నాయన యాభై ఏళ్లు మేస్త్రీ పని చేసినవాడు. పెరట్లో ఒక్కడే చిన్న గోడ కడుతున్నాడు. క్లాసు సంగతి చెప్పాను.

"ఊపిరి తీసేదానికి సత్తువాచారి దాకా పోతావుండావా? ఈడ గాలి తక్కువై పోయిందా?" అన్నాడు.

"నీకు తెలీదులే నాయనా, అది సైన్సు."

ఆయన వాదించలేదు. "చెప్పులు ఇడిచి రా" అన్నాడు. లేస్తున్న గోడ దగ్గరికి చెప్పులతో ఎవరినీ రానివ్వడు, చెప్పులు చేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజరునైనా సరే. తూక్కుగుండు దారం నా చేతికిచ్చాడు. గోడ నిలువుగా లేచిందో లేదో ఆ ఇనుప గుండే చెప్పాలి. "అది నిలిచినాక చెప్పు. గాలి వచ్చినప్పుడు నువ్వు ఆగు. గాలి పోయినాక మెల్లగా ఊపిరి ఇడువు."

తడిమట్టిలో పాదాలు దిగాయి. నేను ఊపిరి తీసినప్పుడల్లా గుండు ఊగింది. గాలి ఆగేదాకా ఆగాను, అది మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగాను. ఎంతసేపయిందో తెలియదు. గుండు నిలిచింది. ఛాతీ వదులైన సంగతి ఆ తర్వాత తెలిసింది. ఒళ్లు మండింది కూడా. ఇంట్లో ఉన్న విద్యకు ఊరవతల ఫీజు కట్టిన తెలివి నాది.

గోడ ముగిసేదాకా ప్రతి ఆదివారం వెళ్లాను. ఫ్యాక్టరీలో మూడోసారి ఇంతవరకు పడలేదు.

చివరి వరుస రోజున అడిగాను. "ఇన్నాళ్లూ దారం నాకే ఇచ్చినావే, నువ్వు పట్టుకోవచ్చు కదా?"

"నా చేతిలో నిలవడంలేదురా. ఊపిరి తీస్తే ఒళ్లంతా అదురుతాది. సిమెంటు దుమ్ము. నువ్వు రాకముందు ఈ గోడ రెండు తూర్లు పడగొట్టినాను."

నెలంతా స్పీకర్లో పిట్టల్ని శ్రద్ధగా విన్నాను. ఆయన ఛాతీలో ఈల ఆరోజే విన్నాను. సిగ్గేసింది.

మర్నాడే వేలూరు తీసుకెళ్లాను. డాక్టరు ఆయన వీపు మీద గొట్టం పెట్టి, గట్టిగా ఊపిరి తీయమన్నాడు. మా నాయన తీశాడు, సగంలో దగ్గాడు, మళ్లీ తీశాడు, రాలేదు.

నావైపు తిరిగి అన్నాడు. "దీనికేదో క్లాసు ఉండాదంటివే."