కాకి కోసం ఒక్క దమ్ము

మానేసి ఏడు నెలలైనా నా చేతులు ఊరుకోవు. తిరువూరులో నాది మోటార్ వైండింగ్ షాపు. రాగితీగ చుడుతున్నంతసేపూ బాగానే ఉంటాను. చుట్టడం అయిపోగానే కాలు కాలిన పిల్లిలా షాపు ముందు తిరుగుతాను. జేబునిండా సోంపు పోసుకుని మేకలా నములుతాను. మానేశావంటగా, గొప్పే అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. గొప్పేముంది, గంటగంటకీ నాతో నాకే తగువు.

నేనూ అన్నయ్యా ఒకే రోజు మానేశాం, మందూ సిగరెట్టూ రెండూ. ఆయనది వినగడపలో వ్యవసాయం. విజయవాడలో డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాక, తిరిగొచ్చే బస్సులో ఒట్టు వేసుకున్నాం. అన్నయ్య ఒట్టు నెల కూడా నిలవలేదు. మోటారు షెడ్డులో దాక్కుని తాగేవాడు, అడిగితే లేదనేవాడు. ఈ ఎండాకాలం లివరు పాడై చనిపోయాడు.

ఆయనకు కొడుకుల్లేరు. కర్మ నేనే చేయాల్సి వచ్చింది. చిన్నకర్మ రోజున ఆడవాళ్ళు ఇంట్లో ఉండిపోయారు, మగవాళ్ళం పొలానికి వెళ్ళాం. బోరు దగ్గర తలమీద నీళ్ళు పోసుకుని విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు పెట్టాను. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ పెట్టాలి, లేకపోతే కాకి ముట్టదంటారు. బాబాయి సంచిలోంచి క్వార్టర్ సీసా, సిగరెట్టు పెట్టె తీశాడు. మనిషిని తినేసినవే మళ్ళీ ఆ మనిషికి పెట్టాలా అని కోపం వచ్చింది. మందు మీరే పొయ్యండి అని సీసా ఆయన చేతికే ఇచ్చేశాను. సిగరెట్టు మట్టిలో గుచ్చి అగ్గిపుల్ల గీశాను. గాలికి అంటుకోలేదు. నాలుగు పుల్లలు అయిపోయాయి. కాకి మామిడికొమ్మ మీద నుంచి కదల్లేదు. ఎండలో నిలబడి అందరూ నన్నే చూస్తున్నారు.

"నోట్లో పెట్టుకుని ఒక్క దమ్ము లాగరా. లేకపోతే ఎట్టా అంటుకుంటది?" అన్నాడు బాబాయి.

లాగాను. నోట్లోనే ఆపి ఊదేద్దామనుకున్నాను. ఆగలేదు, లోపలికి పోయింది. అన్నయ్య పోయాక మొదటిసారి ప్రాణానికి హాయిగా అనిపించింది. అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు. కాకి దిగి గారెముక్క ఎత్తుకుపోయింది. పోయినవాడికి అందిందని అందరూ సంతోషపడి, మిగిలిన సీసా చుట్టూ చేరారు. నాకూ ఒక గ్లాసు చాపారు. వద్దని ఇంటివైపు నడిచాను. ఇంకొక్క దమ్ము, ఇంకొక్కటే అని గుండె పోరుతూనే ఉంది.

ఇంటి వెనక నా భార్య గిన్నెలు తోముతోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అన్నయ్య కూడా మొదటిరోజు ఇలాగే అనుకుని ఉంటాడు. చెప్పేశాను.

ఆవిడ తోమడం ఆపింది.

"ఊదేశారా, మింగారా?"

మింగానన్నాను. బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. ఇంకోటి కావాలని ఉందా అంటే, ఇప్పుడే కావాలన్నాను. తిడుతుందనుకున్నాను. చేతులు కడుక్కుని, వదిన చెవిన పడకుండా దగ్గరికి వచ్చింది.

"పెద్దకర్మకి ఇంట్లో ఫోటో ముందు మళ్ళీ పెడతారుగా. ఆ రోజు సిగరెట్టు నేను ముట్టిస్తాను. మీరు పక్కన నిలబడితే చాలు."

పొగ వాసన తగిలితేనే కడుపులో తిప్పే మనిషి ఆ మాట అంది.