సింగరాయకొండలో జపాన్ కంపెనీ చరిత్ర

మా బ్రాడీపేటలో ఇస్త్రీ బండి ఆయన ప్యాంటు కాలికి రెండు గీతలు వేసేవాడు. ఒకటి కిందటి వారానిది, ఒకటి ఈ వారానిది. ఇదేమిటయ్యా అంటే, పాత గీత మీదే కొత్త గీత పడాలంటే చూపు ఆనాలి గదండీ అనేవాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గుంటూరులో ఇస్త్రీ బండ్లకు కరువు లేకపోయినా, ఉన్నట్టుండి ఇంకో బండికి బట్టలు వేస్తే ఆయన నొచ్చుకుంటాడని మా మామయ్య ఒప్పుకునేవాడు కాదు. అందుచేత మా ఇంట్లో మగవాళ్ళం కాలికొక రైలుమార్గం వేసుకుని కొన్నేళ్ళు తిరిగాం.

మామయ్య పెళ్ళిచూపులకని సింగరాయకొండ వెళ్ళిన రోజున కూడా నా ప్యాంటు అదే. మామయ్య మాత్రం కొత్త బట్టలు కుట్టించుకున్నాడు. ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. పండక్కి బట్టలు కొంటే ఇవి ఎవరికని అడిగే మనిషి, అమ్మాయి ఫొటో చూసిన మర్నాడే ఎవరికీ చెప్పకుండా టైలరు దగ్గరికి వెళ్ళివచ్చాడు. ఆ సంగతి తెలిసి మా అమ్మ గరిటె చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి. వచ్చిన సంబంధాలన్నీ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. అబ్బాయి ఏం చేస్తాడని అడిగేవారు. క్యాసెట్లు రికార్డు చేస్తాడని చెప్పేవాళ్ళం. అది సరేనండీ, ఏం చేస్తాడు అని మళ్ళీ అడిగేవారు.

ఇది ఎనభైల చివరి సంగతి. నేను బీకాం పాసై, ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి మామయ్య కొట్లో కూర్చునేవాణ్ణి. ఉద్యోగానికి పెద్ద తొందర ఉన్నట్టు కనపడలేదు. కొట్టంటే ఒక గది, అందులో రెండు టేపురికార్డర్లు, గోడ నిండా క్యాసెట్లు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని మామయ్య. జనం తమకు కావలసిన పాటలు చెప్పి ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్ళేవారు. ఆయన ఒక్కొక్క పాటా వెతికి ఎక్కించేవాడు. రోజంతా వినడమే పని కాబట్టి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. అసలు ఎప్పుడైనా ఉండేదా అన్నది మా అమ్మ కూడా గట్టిగా చెప్పలేకపోయేది.

ఆ పనిలో ఒక చిక్కుంది. పాటలు ఎక్కించాక సైడు చివర కాస్త టేపు మిగిలిపోతుంది. దాన్ని ఖాళీగా వదిలితే కొట్టువాడు ఎగ్గొట్టాడని జనం తగాదాకు వస్తారు. అందుకని అన్ని కొట్లవాళ్ళూ ఇంకో పాట మొదలుపెట్టి, టేపు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపేసేవారు. హీరో ప్రేమిస్తున్నానని చెప్పబోతూ ఉండగా సైడు అయిపోయేది. పాటను సగంలో నరకడం మా మామయ్యకు చేతనయ్యేది కాదు. మిగిలిన టేపుకు సరిగ్గా సరిపోయే పాట కోసం పూటలు పూటలు వెతికేవాడు. ఆ లోపల బేరాలు పక్క కొట్టుకు వెళ్ళిపోయేవి.

మద్రాసు హార్బరు దగ్గర ఫారిన్ సరుకు అమ్మే బజారు నుంచి వాడేసిన క్యాసెట్లు వచ్చేవి. వాటి మీద ఉన్నది చెరిపేసి మన పాటలు ఎక్కించుకోవచ్చు. చెరపబోయే ముందు మామయ్య ప్రతిదీ మొదటినుంచి చివరిదాకా వినేవాడు. ఎవరో ఎక్కడో కష్టపడి పాడుకున్నది, పోయేముందు ఒక్కసారైనా వినకపోతే ఎలా అని ఆయన వాదన. అలా వింటూ ఉండగా ఒకటి దొరికింది. దాని అట్ట మీద అక్షరాలు చైనావో జపానువో మాకు తెలియదు. అందులో పాడేవాళ్ళు లేరు. వాయిద్యం ఏమిటో అంతుపట్టలేదు. సైకిలు బెల్లులన్నీ ఒకచోట చేరి స్వరాలు నేర్చుకుంటున్నట్టుంది. అదొక విషాదమో, ఉత్సవమో నాకు బోధపడలేదు. వెనకే ఎవరో తరుముకొస్తున్నట్టు మాత్రం ఉంది.

మామయ్యకు అందులో నచ్చింది వేరే. ఆ సంగీతానికి చివర లేదు. కొంతదూరం వెళ్ళి మళ్ళీ మొదటికే వస్తుంది. ఎక్కడ తగ్గించి ఆపినా అక్కడితో అయిపోయినట్టే ఉంటుంది. ఆపకపోతే ఆగదు. మిగిలిన టేపు నింపడానికి దాన్ని ఎవరో పనిగట్టుకుని చేసి పంపించినట్టుగా ఉంది. ఆ రోజునుంచి మా కొట్టునుంచి వెళ్ళిన ప్రతి క్యాసెట్ చివరా, భక్తిపాటలైనా, హాస్య నాటికలైనా, కొంచెం జపాను ఉండేది. కొందరు వచ్చి ఇదేమిటని అడిగారు. ఒకాయన దేవుడి పాటల తర్వాత వచ్చే ఆ హారతి గంటలు బాగున్నాయన్నాడు. మేం కాదనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ముందు తెల్ల అంబాసిడర్ ఆగింది. అందులోంచి సన్నగా, టై కట్టుకుని, మిరపకాయల ఘాటుకు కళ్ళనీళ్ళు కారుతున్న ఒకాయన దిగాడు. పొగాకు కొనడానికి వచ్చిన జపాన్ ఆయన. పర్చూరు వైపు వెళుతూ ప్రత్తిపాడు దగ్గర టీ తాగుదామని ఆగితే, హోటలు టేపురికార్డర్లో సినిమాపాటలు అయిపోయి ఆ బెల్లులు మొదలయ్యాయట. ఆయన గ్లాసు అక్కడే పెట్టేసి లేచాడనీ, క్యాసెట్ మీద కొట్టు పేరు చూపించి ఇక్కడికి పోనివ్వమన్నాడనీ డ్రైవరు చెప్పాడు. పర్చూరులో రైతులు ఎదురుచూస్తున్నారని కూడా చెప్పాడు.

ఆయన సొంత తమ్ముడు ఆ సంగీతం చేసిన కంపెనీలో పనిచేస్తాడట. మామయ్య ఆయనకు స్టూలు వేశాడు. నేను ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి గనక మధ్యలో నిలబడ్డాను. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకదాన్నొకటి ఎరగవు. అయినా ఇద్దరం మర్యాదగా తలలూపుకుంటూ నెట్టుకొచ్చాం.

ఇది ఆటలో సంగీతం అన్నాడు. ఏ ఆట అని మామయ్య నన్ను అడిగాడు. జపాన్ ఆయన రెండు బొటనవేళ్ళూ గాలిలో ఆడించి చూపించాడు. విజయవాడలో ఒక సినిమా హాలు పక్కన బిళ్ళ వేస్తే ఆడే టీవీ పెట్టె ఒకటి చూసి ఉన్నాను కాబట్టి నాకు అర్థమైంది. మామయ్యకు టీవీ అంటే వ్యవసాయ కార్యక్రమం, మిగతా వేళల్లో చుక్కలు. దానితో ఆడటమేమిటో, ఆడేటప్పుడు వెనక పాటెందుకో ఆయనకు ఎక్కలేదు.

కంపెనీ కథ ఇది, నాకు తెలిసినంతలో. నలుగురు స్నేహితులు కలిశారు. వేరే వాళ్ళు తయారుచేసిన ఆటల్లో వచ్చే సంగీతాన్ని రికార్డులుగా వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆట ఆడనివాళ్ళు కూడా కొన్నారు. అది చూసి ఆటలవాళ్ళు మా సంగీతం మేమే అమ్ముకుంటాం పొమ్మన్నారు. అప్పుడు వీళ్ళ దగ్గర వాయించేవాళ్ళున్నారు, వాయించడానికి ఆట లేదు. సరే అని సంగీతం కోసం వీళ్ళే సొంతంగా ఆటలు తయారుచేశారు. ఆటలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత సంగీతం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటున్నారట.

“సాఫ్ట్‌వేర్ అంటే ఏంట్రా?” అన్నాడు మామయ్య.

అడిగి చెప్పాను. పెట్టె బయటికి కనపడుతుంది, అది కాదు. లోపల తీగలుంటాయి, అవీ కావు. వాటి లోపల కనపడకుండా ఇంకోటి ఉంటుంది, అది లేకపోతే పెట్టె పనిచెయ్యదు, అది సాఫ్ట్‌వేర్.

“ఆత్మ లాంటిదన్నమాట.”

“అంతేననుకుంటా. కాకపోతే దాన్ని కొనుక్కోవచ్చంట.”

అయితే ఇంతకీ వాళ్ళు సంగీతం అమ్ముతున్నారా, ఆట అమ్ముతున్నారా, ఆత్మ అమ్ముతున్నారా అడగమన్నాడు మామయ్య. నేను ఎలాగో అడిగాను. ఆయన నవ్వి, కళ్ళు తుడుచుకుని, తన తమ్ముడు కూడా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతాడన్నాడు. మామయ్య ఆయనకు తెలుగు పాటల క్యాసెట్ ఒకటి ఇచ్చాడు. దాని చివర కూడా ఆ తమ్ముడి కంపెనీ బెల్లులే ఉన్నాయి. ఆయన గడప దగ్గర నిలబడి, నడుం దాకా వంగి మామయ్యకు దణ్ణం పెట్టి కారెక్కాడు.

సరిగ్గా ఆ వంగినప్పుడే మా నాన్నకు దూరపు బంధువు ఒకాయన మా కొట్టు ముందునుంచి వెళుతున్నాడు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, తీరిక వేళల్లో పెళ్ళిళ్ళు కుదర్చడం. గుంటూరులో ఎవరూ ఒక కొట్టువాడికి అంతగా వంగరు. ఆయన లోపలికొచ్చి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. నెల తిరక్కుండానే సింగరాయకొండ సంబంధం తెచ్చాడు. అబ్బాయిది జపాన్ కంపెనీ వ్యవహారమనీ, జపానువాడు స్వయంగా వచ్చి కాళ్ళకు మొక్కి వెళ్ళాడనీ చెప్పానని, అందుకే వాళ్ళు రమ్మన్నారని, మా ఇంట్లో కాఫీ తాగుతూ మాకే చెప్పాడు.

మా అమ్మ, ఆ పెద్దమనిషి, మామయ్య, నేను బస్సులో బయలుదేరాం. దారి పొడుగునా పత్తి చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. మామయ్య కిటికీ దగ్గర కూర్చుని చొక్కా నలగకుండా ముందుకు వంగి ఉన్నాడు. చిలకలూరిపేట దాటాక నా వైపు తిరిగాడు.

“ఒరేయ్, వాళ్ళు అడిగితే ఉన్నది చెప్పు.”

“ఉన్నదంటే ఏంటి మామయ్యా?”

ఒంగోలు దాకా ఆలోచించి, అదే తెలీటం లేదన్నాడు.

అమ్మాయి తండ్రి రిటైరైన హైస్కూలు మాస్టారు. సోషల్ చెప్పేవాడట. ఒక్కతే కూతురు, ఊళ్ళోనే ఒక బళ్ళో లెక్కలు చెబుతుంది. ఉప్మా, మంచినీళ్ళు అయ్యాక అమ్మాయి వచ్చి తండ్రి పక్కన కుర్చీలో కూర్చుంది. చాప మీద తల వంచుకుని కూర్చునే పద్ధతి ఆ ఇంట్లో లేనట్టుంది. మామయ్య ఒక్కసారి తలెత్తి చూసి, స్టీలు గ్లాసు వైపు దృష్టి మళ్ళించాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబ్బాయి తనంతట తాను మాట్లాడకూడదు, తరఫువాళ్ళే మాట్లాడాలి గనక ఆ మర్యాద ఆయనకు బాగా కలిసివచ్చింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, ఆ జపాన్ కంపెనీ గురించి వివరంగా వినాలని ఉందన్నాడు. పెద్దమనిషి నా వీపు మీద చెయ్యి వేసి, మావాడు బీకాం, వాడు చెబుతాడన్నాడు. నేను మొదలుపెట్టాను. మాస్టారు చరిత్ర పాఠం అడిగినట్టే వరసగా అడిగాడు. స్థాపకులెవరు? నలుగురు స్నేహితులండీ. ప్రధాన కార్యాలయం ఎక్కడ? టోక్యో అన్నాను. జపానులో నాకు ఇంకా తెలిసిన రెండు ఊళ్ళూ బాంబుల పాఠంలోవి, శుభకార్యంలో అనడం బాగుండదు. అభివృద్ధికి కారణాలు? సంగీతమండీ. మరి సంగీతం మానేసి ఆటలెందుకు పట్టుకున్నారు? సంగీతం కోసమేనండీ. ఆటలు పట్టుకున్నాక సంగీతం ఏమైంది? ఆటల్లో పడి మర్చిపోయారండీ.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలా సామ్రాజ్యాలు ఇలాగే అయ్యాయన్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చి సాఫ్ట్‌వేర్ గురించి కూడా చెప్పాను. పెట్టె కాదు, తీగలు కాదు, లోపల ఉంటుంది, కనపడదు. మాస్టారు మెల్లగా తలూపాడు. చెబుతూ చెబుతూ ఉండగా నాకే ఆ కంపెనీ ఉందా అని అనుమానం వచ్చింది. మా అమ్మ నన్ను చూసిన చూపులో కూడా అదే ఉంది.

“ఇంతకీ మన అబ్బాయిది ఏ విభాగం? సంగీతమా, సాఫ్ట్‌వేరా?” అన్నాడు మాస్టారు.

“రెండూనండీ,” అన్నాడు పెద్దమనిషి.

ఉన్నది చెప్పమన్నాడు గదా అని నేను అందుకున్నాను. “చివర్లో నింపుతాడండీ. ఏదైనా మిగిలిపోతే.”

“ఫినిషింగ్ సెక్షనన్నమాట. బాధ్యత గల పని,” అని మాస్టారు మా అమ్మ వైపు తిరిగి నవ్వాడు. మా అమ్మ కూడా నవ్వింది. పెద్దమనిషి ఇక ముహూర్తాల సంగతి ఎత్తబోయాడు. మామయ్య మాత్రం గ్లాసు వదల్లేదు. వేలితో దాని అంచు మీద ఆ బెల్లుల వరసే కొడుతున్నాడు. ఎప్పటిలాగే అది చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. అమ్మాయి ఆ వేలి వైపే చూస్తోంది.

అమ్మాయిని కూడా ఏదైనా అడగమనడం తమ ఇంటి పద్ధతి అన్నాడు మాస్టారు. అడగమ్మా అన్నాడు. ఆమె నన్ను చూడలేదు, పెద్దమనిషినీ చూడలేదు. మామయ్య వేలు ఆగింది.

“కంపెనీ సంగతంతా మీ మేనల్లుడు చెప్పాడండీ, విన్నాం,” అంది ఆమె ఆయనతో. “మీరేం చేస్తారో మాత్రం ఇక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు.”